వెయ్యి తోపులా, ఐదు వందలా? చక్రాల కుర్చీలో భుజం లెక్క

నెక్లెస్ రోడ్డు మీద కిలోమీటరు నడిచే మనిషి సుమారు 1,300 అడుగులు వేస్తాడు. అదే కిలోమీటరు చేతులతో తోసుకునే చక్రాల కుర్చీలో వెళ్తే? వెనుక చక్రం వ్యాసం మామూలుగా 24 అంగుళాలు. ఒక్క చుట్టుకు 1.9 మీటర్లు కదులుతుంది. అంటే కిలోమీటరుకు చక్రం 520 సార్లకు పైగా తిరగాలి. కొత్తగా కూర్చున్నవారు ఆ చుట్లను వెయ్యికి పైగా పొట్టి తోపులతో తిప్పుతారు. చేయి తిరిగినవారు ఐదారు వందల పొడుగు తోపులతో ముగిస్తారు. దారి అదే, దూరం అదే, హుస్సేన్‌సాగర్ మీది గాలీ అదే. అదనంగా పడిన ఆ నాలుగైదు వందల తోపులు మాత్రం భుజం ఖాతాలోకి వెళ్తాయి.

హైదరాబాద్‌లో చక్రాల కుర్చీ ప్రస్తావన ఎప్పుడు వచ్చినా ర్యాంపుల దగ్గర మొదలై ర్యాంపుల దగ్గరే ఆగిపోతుంది. ర్యాంపులు కావాలి, అందులో వాదన లేదు. కానీ కుర్చీ నడపడం కూడా ఈతలా, సైకిల్‌లా నేర్చుకోవలసిన విద్య అన్న మాట అరుదుగా వినిపిస్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ రాస్తారు, ఫిజియోథెరపీ రాస్తారు. కుర్చీ మాత్రం బయట కొనుక్కోమంటారు. కోఠిలో సర్జికల్ సామాను దుకాణం ముందు మడిచి గోడకు ఆనించిన వాటిలో ఒకటి ఇంటికి వస్తుంది. వచ్చాక దాన్ని నడిపేది అందులో కూర్చున్న మనిషి కాదు, వెనుక నిలబడ్డ కొడుకో, కోడలో, జీతానికి పెట్టుకున్న ఆయానో. సైకిల్ కొనిచ్చి, వెనుక సీటు పట్టుకుని జీవితాంతం మనమే తోస్తామని ఎవరూ అనరు. కుర్చీ విషయంలో సరిగ్గా అదే జరుగుతుంది, పైగా దాన్ని ప్రేమ అంటారు.

తుంటి చేసే పని భుజానికి పడితే

తుంటి కీలు రోట్లో కూర్చున్న రోకలి లాంటిది. గుంట లోతు, చుట్టూ దిట్టమైన కండ. ఒంటి బరువును ఏళ్ల తరబడి మోయడానికే అలా అమరింది. భుజం కీలు చిన్న పళ్లెం అంచున పెట్టిన నిమ్మకాయ. అన్ని వైపులా తిరగడానికి వీలుగా లోతును వదులుకుంది. నాలుగు చిన్న కండరాలు దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. పైనున్న వస్తువు అందుకోవడానికి, జడ వేసుకోవడానికి, బంతి విసరడానికి పనికొచ్చే ఈ కీలు మీద కుర్చీలోకి వచ్చిన రోజు నుంచి కొత్త బాధ్యతలు పడతాయి. చక్రం తోయాలి. మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడ్ మీదికి, ఆటోలోకి మొత్తం ఒంటిని ఎత్తి మార్చాలి. వెన్నుపాము దెబ్బతిని ఏళ్లుగా కుర్చీ వాడుతున్నవారిలో భుజం నొప్పి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కడం అంత తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడే వ్యాయామం గురించి మనకు అలవాటైన ఆలోచన తలకిందులవుతుంది. షుగరు ఉన్నవారికి డాక్టరు ‘ఎంత నడిస్తే అంత మంచిది’ అంటారు. కుర్చీలో ఉన్నవారికి ‘ఎంత తోస్తే అంత మంచిది’ అనడం సగం నిజమే. గుండెకు, ఊపిరితిత్తులకు అది మంచిదే. కానీ పొద్దున వ్యాయామానికి వాడిన భుజమే మధ్యాహ్నం బాత్రూముకు తీసుకెళ్లాలి, సాయంత్రం మంచం ఎక్కించాలి. నడిచే మనిషికి కాలు బెణికితే కర్ర పట్టుకుంటాడు, వారం విశ్రాంతి తీసుకుంటాడు. కుర్చీలో ఉన్న మనిషికి భుజం చెడితే కాలూ చేయీ ఒకేసారి పోయినట్టే.

అందుకే అమెరికాలో వెన్నుపాము వైద్య నిపుణుల సంఘాలు కలిసి 2005లో ప్రకటించిన మార్గదర్శకాలు బలం పెంచమనడంతో ఆగలేదు. తోపుల సంఖ్య తగ్గించండి, ఒక్కో తోపులో పెట్టే జోరు తగ్గించండి, పొడుగ్గా మెత్తగా తోయండి అన్నాయి. కుర్చీ విద్య సారమంతా ఆ పొదుపులోనే ఉంది. ముందు తిరగడాన్ని చవక చేసుకోవాలి. అలా మిగిలిన భుజబలాన్ని వ్యాయామానికి ఖర్చు పెట్టాలి. ఈ వరుస తప్పితే వ్యాయామం మొదలుపెట్టిన నెలకే మోచేతికి కట్టు పడుతుంది, కుర్చీ మళ్లీ వెనుక నిలబడ్డవారి చేతికి వెళ్తుంది.

మెడికల్ షాపు కుర్చీ

నేర్చుకునేవారి మొదటి శత్రువు చాలాసార్లు వాళ్ల కుర్చీయే. అడ్డంగా ఎక్స్ ఆకారంలో మడిచే ఇనుప కుర్చీని 1933 ప్రాంతంలో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజినీర్లు తయారు చేశారు. గని ప్రమాదంలో వెన్ను విరిగిన ఎవరెస్ట్‌కు కారులో పట్టే కుర్చీ కావలసి వచ్చింది. ఆ కాలానికి అది గొప్ప ముందడుగు. తొంభై ఏళ్లు గడిచాక కూడా మన దుకాణాల ముందు కనిపించేది ఎక్కువగా దాని వారసులే. ఆసుపత్రి వరండాలో రోగిని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి అది సరిపోతుంది. సొంతంగా తిరగడానికి మాత్రం అనువుగా ఉండదు.

బరువు 17 నుంచి 20 కిలోలు ఉంటుంది. అందరి కళ్లూ ముందుగా పడేది ఆ బరువు మీదే, నిజానికి అంతకన్నా పెద్ద లోపం ఇరుసు ఉన్న చోటు. మామూలు కుర్చీలో వెనుక చక్రం ఇరుసు సరిగ్గా వీపు ఆనించే కడ్డీల కింద ఉంటుంది. దానివల్ల రెండు నష్టాలు. కూర్చున్న మనిషి బరువులో పెద్ద వాటా ముందరి చిన్న చక్రాల మీద పడుతుంది. చిన్న చక్రం ప్రతి రాయికీ, ప్రతి పగులుకూ ఆగుతుంది. చక్రం కూడా వెనక్కి ఉండిపోతుంది కాబట్టి దాన్ని అందుకోవడానికి చేతులు వెనక్కి లాగాలి, భుజం ముందుకు పొడుచుకొస్తుంది. పైగా కదలని చేతి ఆసరాలు, కొలత కన్నా వెడల్పైన సీటు. చేతులు రెక్కలు విప్పిన కోడిలా పక్కలకు తెరుచుకుంటాయి. ఆ భంగిమలో ఎంత బలవంతుడైనా చక్రం మీది హ్యాండ్‌రిమ్‌ను, అంటే చేత్తో తోసే వలయాన్ని, తోసేది గుప్పెడంత దూరమే.

తనకు తగిన కుర్చీయో కాదో చూసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. నిటారుగా కూర్చుని చేతులు వదులుగా వేలాడదీస్తే మధ్యవేలి కొన ఇరుసు దగ్గరికి రావాలి. చేతులు హ్యాండ్‌రిమ్ నెత్తిన పెడితే మోచేయి లంబకోణం కన్నా కొంచెం ఎక్కువగా, 100 నుంచి 120 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. తుంటికీ పక్క రేకుకూ మధ్య అరచేయి నిలువుగా దూరితే చాలు. దిండు దూరేంత ఖాళీ ఉంటే అది వేరొకరి కుర్చీ. ఇరుసును ముందుకు జరుపుకునే వీలున్న తేలికపాటి కుర్చీలు మన దేశంలోనూ తయారవుతున్నాయి. మద్రాసు ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ కొలతలు తీసుకుని చేసే నియోఫ్లై అలాంటిదే. ధర మడత కుర్చీకి చాలా రెట్లు ఉంటుంది, అందరికీ అందదు. మడత కుర్చీయే గతి అయితే కనీసం చేతి ఆసరాలు ఊడదీయగలిగేది, గాలి టైర్లు ఉన్నది చూసుకోవాలి. పంక్చరు పడదని గట్టి రబ్బరు టైర్లు అంటగడతారు. పంక్చరు బాధ పోయే మాట నిజమే, ప్రతి తోపులోనూ కొంత బరువు అదనంగా లాగడం దానికి చెల్లించే వడ్డీ.

పక్షవాతం వచ్చి ఒక పక్క చేయి, కాలు మాత్రమే పనిచేసేవారి లెక్క వేరు. వాళ్లు ఒక చేత్తో తోస్తూ, అదే పక్క కాలితో నేలను వెనక్కి నెడుతూ వెళ్తారు. సీటు ఎత్తు తగ్గించి పాదం పూర్తిగా నేలకు ఆనేలా చేస్తే ఇల్లంతా తిరగగలరు. అంగుళంన్నర ఎత్తు ఎక్కువైతే సీటు అంచు దాకా జారిపోయి కూర్చుంటారు, ఇంట్లోవాళ్లు ‘నిలవలేకపోతున్నారు’ అని బెల్టు కట్టేస్తారు.

సీటు మీది దిండు ఇంకో సంగతి. మధ్యలో బెజ్జం ఉన్న గాలి రింగు మన దుకాణాల్లో బాగా అమ్ముడుపోతుంది. అది మొలల నొప్పికి ఊరట ఇస్తుందేమో గానీ, స్పర్శ తెలియని ఒంటికి హాని చేస్తుంది. రింగు అంచు చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు, పుండు పడుతుంది. కూర్చునే ఎముకల కింద బరువును పరిచే మంచి దిండు కుర్చీలో సగం. ఎంత మంచి దిండైనా ప్రతి పదిహేను నుంచి ముప్పై నిమిషాలకు ఒకసారి ఒత్తిడి తప్పించాల్సిందే. చేతులు నొక్కి ఒంటిని పైకి ఎత్తడం పాత పద్ధతి. నొక్కిన చోటికి రక్తం తిరిగి రావడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది, అంతసేపు ఎవరు ఎత్తుకుని ఉండగలరు? అదీ భుజానికే ఖర్చు. మోకాళ్ల మీదికి ముందుకు వంగడం, లేదా ఒక పక్కకు ఒరగడం మేలు. టీవీ ముందు, భోజనాల బల్ల దగ్గర, ఫోనులో మాట్లాడుతూ కూడా చేయవచ్చు.

చెవికి తెలిసే తేడా

నేర్చుకోవడానికి మొదటి చోటు రోడ్డు కాదు, నున్నటి నేల. తాండూరు బండలు పరిచిన పాత ఇళ్ల హాలు బాగుంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లారు పొద్దున తొమ్మిది దాటాక, కార్లన్నీ ఆఫీసులకు వెళ్లిపోయాక, ఇంకా బాగుంటుంది. తెలిసినవారి ఫంక్షన్ హాలు ఉంటే ఆషాఢ మాసానికి మించిన మంచి ముహూర్తం లేదు, ఆ నెలంతా ఖాళీయే.

సెల్లారులో ఒక మూల నిలబడి కళ్లు మూసుకుని వింటే చాలు, కుర్చీలో ఉన్నది కొత్తవారా, పాతవారా అన్నది తెలిసిపోతుంది. కొత్తవారి చక్రం టక్ టక్ టక్ అంటుంది. వాళ్లు హ్యాండ్‌రిమ్‌ను గట్టిగా పట్టుకుంటారు, రెండంగుళాలు తోస్తారు, పట్టు వదలడానికి భయపడి వేళ్లను రిమ్ మీదే వెనక్కి పాకిస్తారు, మళ్లీ పట్టుకుంటారు. పట్టుకున్న ప్రతిసారీ చక్రం కాస్త ఆగుతుంది. అంటే వాళ్లు ఒక చేత్తో బ్రేకు వేస్తూ అదే చేత్తో తోస్తున్నారు. అలవాటైనవారి దగ్గర వినిపించేది ఒక్క మెత్తని రాపిడి, తర్వాత చాలాసేపు చక్రం తిరిగే సవ్వడి, మళ్లీ రాపిడి.

ఆ తేడా చేతి దారిలో ఉంది. చక్రాన్ని గడియారం అనుకుంటే పదకొండు దగ్గర చేయి ఆనాలి, రెండు దగ్గర వదలాలి. పిడికిలి బిగించకూడదు, అరచేతి మడమతో, బొటనవేలి దుబ్బతో నొక్కి తోయాలి. బొటనవేలు ఆకుల వైపు పోకూడదు. వదిలాక చేయి రిమ్ మీదుగా వెనక్కి రాకూడదు. ఊయల తాడు వదిలినట్టు కిందికి జారి, రిమ్ కింద నుంచి అర్ధచంద్రాకారంలో వెనక్కి ఊగి, మళ్లీ పదకొండు దగ్గరికి రావాలి. చక్రం తనంతట తాను తిరుగుతుంటే చేయి విశ్రాంతి తీసుకునేది ఆ కిందికి ఊగే క్షణంలోనే. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున కొన్ని వారాలు సాధన చేస్తే చేయి ఆ దారిని మరవదు. సెల్లారు ఈ చివరి నుంచి ఆ చివరకు ఎన్ని తోపులు పట్టాయో లెక్క రాసుకుంటే పురోగతి అంకెల్లో కనిపిస్తుంది. మొదటి రోజు నలభై పట్టినది ఇరవైకి దిగితే భుజం సగం జీతానికి అదే పని చేస్తోందన్నమాట.

మలుపు తిరగడం, వెనక్కి రావడం త్వరగానే వస్తాయి. ఒక చేయి ముందుకు, ఒక చేయి వెనక్కి తోస్తే కుర్చీ ఉన్నచోటనే తిరుగుతుంది. ఆపడం మాత్రం జాగ్రత్తగా నేర్వాలి. ఒక్కసారి గట్టిగా పట్టుకుంటే కుర్చీ ఆగి మనిషి ముందుకు పోతాడు. రెండు అరచేతులతో సమానంగా, మెల్లగా రాస్తూ ఆపాలి. వాలు మీద ఆ రాపిడికి చర్మం కమిలిపోతుంది, అందుకే చేతి తొడుగులు. చీర కుచ్చిళ్లు, చున్నీ కొసలు చక్రం ఆకుల్లో పడకుండా ముడిచి ఒళ్లో దోపుకోవడం మన ఆడవాళ్లకు తొలి రోజునే చెప్పవలసిన పాఠం.

గడప

ఇరుకు తలుపుల తర్వాత తెలుగింట్లో కుర్చీకి ఎదురయ్యే పెద్ద అడ్డంకి గడప. పసుపు రాసి, బొట్లు పెట్టి, మొక్కి దాటే గడపను కోసేయమంటే ఏ అత్తగారూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా పరవాలేదు. అంగుళం, రెండంగుళాల గడపను దాటడం కుర్చీ విద్యలో నేర్వదగ్గ పనే, పైగా రోజూ పదిసార్లు సాధన దొరుకుతుంది.

చిన్న చక్రాలు గడపకు తగిలి ఆగాక తోస్తే ఎంత బలమూ చాలదు. తగలడానికి ఒక జానెడు ముందు, చేతులు కొంచెం వెనక్కి తీసుకుని ఒక్క ఊపున ముందుకు తోయాలి, అదే క్షణంలో వీపు వెనక్కి ఆనించాలి. ముందు చక్రాలు రెండంగుళాలు గాల్లోకి లేస్తాయి, గడప అవతల దిగుతాయి. అవి దిగిన వెంటనే ఒంటిని ముందుకు వంచి వెనుక చక్రాలను తోస్తే అవి ఎక్కి దిగిపోతాయి. రాసినప్పుడు నాలుగు వాక్యాలు, చేసేటప్పుడు ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం చేతికి రావడానికి కొందరికి రెండు రోజులు, కొందరికి రెండు నెలలు.

దీని తర్వాతి మెట్టు ముందు చక్రాలను గాల్లో నిలిపి, వెనుక రెండు చక్రాల మీదే తూగడం. బైకుల మీద కుర్రాళ్లు చేసి పోలీసుల చేత చలాన్లు రాయించుకునే వీలింగే ఇది. కుర్చీలో మాత్రం అది విన్యాసం కాదు, అవసరం. ఫుట్‌పాత్ దిగడానికి, గుంతలు దాటడానికి, కంకర మీద చిన్న చక్రాలు కూరుకుపోకుండా వెళ్లడానికి ఇది మంచి దారి. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో రూపొందించిన వీల్‌చెయిర్ స్కిల్స్ ప్రోగ్రాం ఈ నైపుణ్యాలను తేలిక నుంచి కష్టానికి వరుస పెట్టి నేర్పుతుంది. అందులో కావలిమనిషి తప్పనిసరి. కుర్చీ వెనుక అడుగు భాగానికి గట్టి పట్టీ కట్టి, దాన్ని చేతిలో పట్టుకుని ఆయన నిలబడాలి. హ్యాండిళ్లు పట్టుకుంటే నేర్చుకునేవారికి తూకం తెలియదు, వదిలేస్తే తల నేలకు కొట్టుకుంటుంది. పట్టీ వదులుగా ఉంటుంది, పడబోతేనే బిగుస్తుంది. వెన్నెముకకు ఆపరేషన్ జరిగి ఎంతోకాలం కానివారు, మెడ నిలవనివారు డాక్టరు సరే అనేదాకా దీని జోలికి పోకూడదు.

కావలిమనిషిగా ఇంట్లోవాళ్లు నిలబడటం వాళ్లకే పెద్ద పరీక్ష. ‘నువ్వు అలసిపోతావు నాన్నా, నేను తోస్తానుగా’ అని తల్లి అంటుంది. ‘అమ్మా, పట్టీ పట్టుకో చాలు’ అని కొడుకు బతిమాలుతాడు. ఆ బతిమాలడానికి పట్టే శక్తి గడప దాటడానికి పట్టే శక్తి కన్నా ఎక్కువ.

వాలు మీద లెక్క

సెల్లారులో నేర్చినది వీధిలోకి వచ్చేసరికి హైదరాబాద్ భూమి తన సంగతి చూపిస్తుంది. ఇది దక్కన్ రాళ్ల మీద కట్టిన ఊరు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లలోనే గుట్టలున్నాయి.

మనిషి 65 కిలోలు, కుర్చీ 18 కిలోలు అనుకుందాం. మొత్తం 83. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున్న ర్యాంపు మీద ఆ బరువు దాదాపు 7 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. దేశంలో భవనాల సౌలభ్యానికి 2021లో కేంద్రం విడుదల చేసిన ప్రమాణాలు ర్యాంపు వాలు అంతకు మించకూడదని చెప్పడానికి కారణం ఇదే. ఆరడుగుల పొడవులో అడుగు ఎత్తు ఎక్కే వాలు అయితే ఆ లాగుడు 14 కిలోలకు దగ్గరవుతుంది, ఒక్క క్షణం చేతులు వదిలితే కుర్చీ వెనక్కి దొర్లుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో ‘ర్యాంపు ఉంది కదా’ అని చూపించేది సెల్లారులోకి కార్లు దిగే దారి. అది ఇంజను కోసం కట్టినది.

ఈ లెక్కలోనే ఇంకో విశేషం ఉంది. కుర్చీ బరువు ఆరు కిలోలు తగ్గిస్తే పన్నెండుకు ఒకటి వాలు మీద లాగుడు తగ్గేది అరకిలోనే. తేలిక కుర్చీ వల్ల నిజమైన లాభం కారులోకి ఎత్తి పెట్టేటప్పుడు. వాలు మీద కాపాడేది ఇరుసు అమరిక, ముందుకు వంగిన ఒళ్లు. ఎక్కేటప్పుడు గడ్డం మోకాళ్ల వైపు తెచ్చి, పొట్టి తోపులు వేయాలి. పొడుగు తోపు నియమానికి ఇదొక్కటే మినహాయింపు. నిటారుగా కూర్చుని ఎక్కితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

కనిపించని వాలు ఇంకొకటుంది. వాన నీరు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. నడిచేవారి కాలికి అది తెలియదు. కుర్చీ మాత్రం అంచు వైపు జారుతూనే ఉంటుంది, పల్లం వైపు చేయి ఎడతెగకుండా తోయాలి. రోజూ ఒకే వైపున ఒకే దారిలో వెళ్తే ఒకే భుజం అరుగుతుంది. వెళ్లేటప్పుడు ఒక అంచున, వచ్చేటప్పుడు అదే అంచున రావడం దీనికి చిన్న విరుగుడు, ట్రాఫిక్ లేని లోపలి వీధుల్లో అయితేనే.

ఫుట్‌పాత్‌ల గురించి ఎంత రాసినా తరగదు. ఎక్కడానికి అడుగెత్తు, ఎక్కితే ట్రాన్స్‌ఫార్మరు, అది దాటితే బైకులు రాకుండా పాతిన ఇనుప గొట్టాలు. ఆ గొట్టాలు బైకులను ఆపాయో లేదో గానీ కుర్చీలను కచ్చితంగా ఆపాయి. 2017 నవంబరులో మొదలైన మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, రైలూ ప్లాట్‌ఫామూ ఇంచుమించు ఒకే ఎత్తు. ఇల్లు వదిలి స్టేషన్ లిఫ్టు దాకా చేరే అరకిలోమీటరే అసలు ప్రయాణం.

చట్టం చూస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది, 2017 నిబంధనలున్నాయి. ఆ నిబంధనలు తప్పనిసరి ఆదేశాల్లా కాక సలహాల్లా ఉన్నాయని, పదిహేనో నిబంధనలోని భాగం చట్టానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో తేల్చింది. రాజీకి తావులేని కనీస ప్రమాణాలను విడిగా రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం. నగరం చివర రాసిన నివేదిక దేశం మొత్తానికి దారి చూపింది. నగరం నడుమ ఫుట్‌పాత్‌కు చేరడం ఇంకా మిగిలే ఉంది.

పొదుపు చేసినదాన్ని ఎలా ఖర్చు పెట్టాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో మొదటిసారి వికలాంగులకూ విడిగా చోటు దక్కింది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అన్న కొలత వాళ్లకూ వర్తిస్తుందని, ఏమీ చేయకపోవడం కన్నా కొంత చేయడం మేలని అది చెప్పింది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నిపుణులు 2018లో ప్రకటించిన కొలత మొదలుపెట్టేవారికి అందుబాటులో ఉంది: వారానికి రెండుసార్లు, కనీసం 20 నిమిషాల చొప్పున ఊపిరి పెరిగే శ్రమ, దానితోపాటు వారానికి రెండుసార్లు కండబలం పెంచే కసరత్తు. గుండె, షుగరు విషయంలో లాభం కావాలంటే 30 నిమిషాల చొప్పున మూడుసార్లు.

శ్రమ చాలిందో లేదో నాడి చూసి తెలుసుకోవచ్చని అందరూ అంటారు. వెన్నెముకలో పైభాగాన దెబ్బ తగిలినవారికి అది పనికిరాదు. గుండెకు వేగం పెంచమని చెప్పే నరాల దారి తెగిపోవడంతో ఎంత శ్రమపడినా నాడి పెద్దగా పెరగదు. మాట్లాడగలుగుతూ పాట పాడలేని స్థితి మధ్యస్థ శ్రమ. మాట కూడా తెగితే ఎక్కువైనట్టు. ఈ కొలత అందరికీ ఒకేలా పనిచేస్తుంది.

తోయడంలో పనిచేసేవి ఛాతీ కండరాలు, భుజం ముందు భాగం. రోజంతా అవే పనిచేస్తే బిగుసుకుపోతాయి, వీపు కండరాలు సాగి బలహీనపడతాయి, భుజాలు ముందుకు గూనిలా వస్తాయి. నొప్పికి అదే పునాది. కాబట్టి వ్యాయామం పేరుతో మళ్లీ తోయడమే చేస్తే లాభం కన్నా నష్టం ఎక్కువ. లాగే కసరత్తు కావాలి. ఫిజియోథెరపీవారు వాడే రబ్బరు పట్టీని కిటికీ ఊచకు చుట్టి, రెండు కొసలు పట్టుకుని, మోచేతులు నడుముకు రాసుకునేలా వెనక్కి లాగాలి. వీపున రెండు రెక్కల ఎముకలు దగ్గరికి రావాలి. పది సార్లు, మూడు విడతలు. తర్వాత ద్వారబంధానికి ముంజేయి ఆనించి ఛాతీని సాగదీయడం. కిటికీ, ద్వారబంధం లేని ఇల్లు ఉండదు, కాబట్టి జిమ్ములో మెట్లున్నాయన్న బాధ ఈ కసరత్తుకు లేదు.

బయట తిరగడానికి నెక్లెస్ రోడ్డు అంత చదునైన చోటు నగరం నడుమ మరొకటి దొరకడం కష్టం. మొదట పది నిమిషాలు, ఒక నిమిషం జోరుగా, రెండు నిమిషాలు తీరిగ్గా. పొద్దు పొడవకముందే వెళ్లడం మంచిది, ముఖ్యంగా ఎండాకాలంలో. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఎండలో ఆపిన కుర్చీ హ్యాండ్‌రిమ్ కాలిన పెనమవుతుంది. ఛాతీ భాగంలోని ఆరో పూసకు పైన వెన్నుపాము దెబ్బతిన్నవారికి దెబ్బకు కింది ఒంటికి సరిగా చెమట పట్టదు, వేడి లోపలే ఉండిపోతుంది. ముఖం ఎర్రబడి తల తిరిగేదాకా వాళ్లకే తెలియదు. నీళ్లు చిమ్మే సీసా, మెడ మీద తడి తువ్వాలు వాళ్లకు సొంత చెమట స్థానంలో పనిచేస్తాయి.

తాగే నీళ్ల సంగతి ఇంకా ఇబ్బందికరం. దారిలో కుర్చీ పట్టే మూత్రశాల ఉండదని తెలిసి చాలామంది బయటికి వెళ్లే ముందు నీళ్లు తాగడమే మానేస్తారు. ఎండలో శ్రమ, ఒంట్లో నీళ్లు లేకపోవడం, ఆపైన మూత్రనాళంలో ఇన్ఫెక్షన్. ఇది వ్యాయామం తప్పు కాదు, ఒక తలుపు వెడల్పు తగ్గించి కట్టినవారి పుణ్యం.

ఇంటికి వచ్చాక కుర్చీని కూడా చూసుకోవాలి. గాలి టైర్లను వారానికొకసారి నొక్కి చూడాలి. మెత్తబడితే వీధి చివర సైకిల్ షాపులోనే గాలి కొట్టిస్తారు. ముందు చిన్న చక్రాల ఇరుసుకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి. సంక్రాంతి వెళ్లిన వారం పది రోజులు ఈ ఊళ్లో ప్రతి వీధిలో తెగిన మాంజా పడి ఉంటుంది, ఒక్క చక్కరు కొట్టి వస్తే చక్రంలో కండె చుట్టినంత ఉంటుంది. ఎడమ చక్రం అలా బిగిస్తే కుర్చీ ఎడమకు లాగుతుంది, ఎడమ చేయి ఎక్కువ తోయవలసి వస్తుంది, సాయంత్రానికి ఆ భుజం సలుపుతుంది. మనిషి నొప్పి నూనె రాసుకుని పడుకుంటాడు. కుర్చీని తిరగేసి, బ్లేడుతో ఆ దారం కోసి, చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి చూడటానికి పట్టేది ఐదు నిమిషాలు.